యేగి చెక్క నీటిలో నీలికాంతి: మూలికలను పరీక్షించు వెలుగు కథ

కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని ప్రవహించుచున్నది. నది కోసిన ఆ లోయకే గండి యని పేరు. ఆ గండి ఒడ్డున వెలసిన దుర్గమే గండికోట. ఏటేట ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు పిల్లలను విహారయాత్రకై అక్కడికి తీసికొని వెళ్లుచుందురు. మాధవరాయస్వామి ఆలయమును, జుమ్మా మసీదును, పెద్ద ధాన్యాగారమును చూపించి, పెమ్మసాని నాయకుల చరిత్ర చెప్పుదురు. ఈసారి వెళ్లునప్పుడు ఒక గాజు గ్లాసును, రాత్రి యేగి చెక్కముక్కలు నానవేసిన నీటిని సీసాలో పోసికొని వెంట తీసికొని వెళ్లవలసినదిగా మనవి.

యేగి చెట్టు నల్లమల, శేషాచలము మొదలగు తూర్పు కనుమల అడవులలో పెరుగును. దీనినే వేగిస యనియు పిలుతురు. బజారులో విజయసార్ అను పేర అమ్ముచున్న కొయ్య గ్లాసులు ఈ చెట్టు చేవతో చేసినవే. మధుమేహము గలవారు ఆ గ్లాసులో రాత్రి నీరు పోసియుంచి, తెల్లవారిన తరువాత త్రాగు అలవాటు మన దేశములో చాల చోట్ల కలదు. ఆ నీటిని వెలుతురునకు అడ్డముగా పట్టి చూచినచో తేనెరంగుగా కనిపించును. అదే నీటిని మంచి ఎండలో, నల్లని రాతికి ముందుగా ఉంచి, సూర్యుని వైపు వీపు త్రిప్పి చూచినచో నీటి అంచున నీలికాంతి మెరయును. నీరు ఒక్కటే, రంగులు రెండు. ఇది ఎట్లు సాధ్యము?

ఈ ప్రశ్న నాలుగున్నర శతాబ్దముల నాటిది. దానికి సమాధానము వెదకిన వారి కృషి ఫలితముగనే నేడు మన చేతికి ఒక సున్నితమైన పరికరము వచ్చినది. మూలికలోని పదార్థము మన రక్తములోని ప్రోటీనును పట్టుకొనునా లేదా, పట్టుకొనినచో ఎంత గట్టిగా పట్టుకొనును అను విషయమును ఆ పరికరము లెక్కతో సహా చెప్పగలదు. ఆ చెప్పుదానిలో ఎంతవరకు నమ్మవచ్చును, ఎక్కడ ఆగవలెను అనునదియు ఈ కథలోని భాగమే.

1565వ సంవత్సరము

1565 అనగానే రాయలసీమ విద్యార్థికి జ్ఞాపకము వచ్చునది రక్కసి-తంగడి యుద్ధము. ఆ యేడు జనవరిలో విజయనగర సైన్యములు ఓడిపోయెను, మహానగరము పాడుపడెను. గండికోటను ఏలుచుండిన పెమ్మసాని నాయకులు ఆ సామ్రాజ్యమునకు సామంతులు. అదే సంవత్సరమున సముద్రముల కావల, స్పెయిను దేశపు సెవిల్ నగరములో నికొలాస్ మొనార్డెస్ అను వైద్యుడు ఒక గ్రంథమును ప్రకటించెను. అమెరికా ఖండము నుండి ఓడలలో దిగుచుండిన మూలికలను గూర్చిన గ్రంథమది.

అందులో మెక్సికో నుండి వచ్చిన ఒక చెక్కను అతడు వర్ణించెను. మూత్రపిండముల వ్యాధులకు దానిని వాడుచుండిరి. చెక్కను సన్నగా తరిగి మంచినీటిలో వేసినచో కొంతసేపటికి ఆ నీరు నీలిరంగు తేలును. అట్లు నీలిరంగు రానిచో అది అసలు చెక్క కాదని తెలిసికొనవలెనని మొనార్డెస్ కొనువారిని హెచ్చరించెను. ఏ వెలుగును నేడు మనము ప్రతిదీప్తి యని పిలుచుచున్నామో, దానిని గూర్చి వ్రాతలో దొరకు తొలి వర్ణనలలో ఇది యొకటి. ఆ వెలుగు పుట్టినది ఒక మూలికలోనే. దానికి అప్పగింపబడిన మొదటి పనియు మూలికను పరీక్షించుటయే.

1646లో అథనేసియస్ కిర్కర్ అను పండితుడు ఈ చెక్కతో చేసిన గిన్నెలోని నీటి వింత రంగులను వర్ణించెను. ఆ తరువాత ఆరేండ్లకు, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే మీర్ జుమ్లాను కలిసికొనుటకై మన గండికోటకే వచ్చెను. 1664లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ ఆ నీటిలో ఆమ్లము కలిపినచో నీలికాంతి మాయమగుననియు, క్షారము కలిపినచో మరల వచ్చుననియు గమనించెను. కాని కారణము ఎవరికిని తెలియలేదు. ఆ కాంతికి మూలమైన పదార్థము 2009లో మాత్రమే స్పష్టమయ్యెను. అది చెక్కలో సిద్ధముగా ఉండునది కాదు. చెక్కలోని వేరొక పదార్థము నీటిలో కరగి, గాలిలోని ఆక్సిజనుతో కలిసి మారగా ఏర్పడునదని స్పెయిను రసాయనశాస్త్రజ్ఞులు తేల్చిరి.

స్టోక్స్ చేసిన నిర్ణయము

కథలో రెండవ మలుపు కూడ ఒక మూలికతోనే వచ్చినది. సింకోనా చెట్టు బెరడు నుండి తీసిన క్వినైను మలేరియాకు మందు. 1845లో సర్ జాన్ హెర్షెల్ క్వినైను సల్ఫేటు ద్రావణమును ఎండలో ఉంచి చూచెను. ద్రావణము నీటివలె నిర్మలముగా ఉండియు, ఎండ తగిలిన అంచున నీలముగా మెరసెను.

1852లో కేంబ్రిడ్జిలో జార్జి గాబ్రియేల్ స్టోక్స్ దీని మర్మమును విప్పెను. ఆయన సూర్యకాంతిని పట్టకము ద్వారా వర్ణపటముగా విడదీసి, క్వినైను ద్రావణమున్న గొట్టమును ఎఱుపు నుండి ఊదా వైపు మెల్లగా జరిపెను. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ కాంతులలో ద్రావణము మెరయలేదు. ఊదా చివర దాటి, కంటికి చీకటిగా తోచు చోటికి చేరినప్పుడు అది నీలముగా వెలిగెను. అనగా కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను ద్రావణము గ్రహించి, కనబడు నీలికాంతిగా మార్చి ఇచ్చుచున్నదన్న మాట. ఫ్లోర్‌స్పార్ అను ఖనిజమునకును ఈ గుణము ఉండుటచే ఆయన దీనికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టెను. మనము ప్రతిదీప్తి యనుచున్నాము.

దీనిని ఇట్లు ఊహింపవచ్చును. అణువు కాంతిని మ్రింగి ఉత్తేజము పొందును. ఆ శక్తిలో కొంత భాగమును చుట్టునున్న అణువులకు వేడిగా పంచివేయును. మిగిలిన దానిని మరల కాంతిగా వెలువరించును. ఇదంతయు జరుగుటకు కొద్ది నానోసెకనులు చాలును. నానోసెకను అనగా సెకనులో వందకోట్లవ వంతు. కొంత శక్తి దారిలో ఖర్చయినందున, వెలువడు కాంతి తరంగదైర్ఘ్యము గ్రహించిన దాని కంటె ఎక్కువగా ఉండును. యేగి చెక్క నీటిలోని నీలికాంతికి కారణమిదే. తేనెరంగు నీటి గుండ దాటివచ్చిన వెలుగుది. నీలిరంగు నీటిలోని అణువులు తామై వెలువరించినది.

మందు రక్తములో ఎక్కడికి పోయెను?

1942లో జపాను సైన్యములు జావాను ఆక్రమించుటచే క్వినైను సరఫరా మిత్రరాజ్యములకు నిలిచిపోయెను. దానికి బదులుగా అటెబ్రిన్ అను కృత్రిమౌషధమును సైనికులకు ఇచ్చిరి. ఎంత మోతాదు ఇయ్యవలెనో తెలియక చిక్కు వచ్చెను. న్యూయార్క్‌లో బెర్నార్డ్ బ్రోడీ, సిడ్నీ యుడెన్‌ఫ్రెండ్ అను శాస్త్రజ్ఞులు ఈ సమస్యను ప్రతిదీప్తితో సాధించిరి. అటెబ్రిన్ స్వయముగా మెరయు పదార్థము. కావున రక్తరసములో అతిస్వల్పముగా ఉన్నను ఆ మెరుపును కొలిచి దానిని లెక్కింపవచ్చును. అట్లు కొలువగా, మందులో అధికభాగము రక్తరసములో నిలువక శరీర ధాతువులలోనికి పోవుచున్నదని తేలెను. మొదట ఎక్కువ మోతాదిచ్చి, తరువాత తక్కువ మోతాదుతో కొనసాగించు పద్ధతికి ఇది దారి చూపెను. మందును మ్రింగుట ఒకటి, అది కావలసిన చోటికి చేరుట వేరొకటి అను సత్యము దీనివలన స్పష్టమయ్యెను.

ఈ అనుభవము నుండియే మంచి పరికరము కావలెనను కోరిక పుట్టినది. 1955లో రాబర్ట్ బౌమన్ తన సహచరులతో కలిసి ప్రతిదీప్తి వర్ణపటమాపకమును ప్రకటించెను. దాని నిర్మాణము సులభముగనే అర్థమగును. ఒక ప్రక్క జెనాన్ దీపము. దాని కాంతి నుండి కావలసిన తరంగదైర్ఘ్యమును మాత్రమే ఏరి పంపు అమరిక. మధ్యలో ద్రావణమున్న చిన్న పాత్ర. మామూలు గాజు అతినీలలోహిత కిరణములను అడ్డగించును గనుక ఆ పాత్రను స్ఫటికశిల నుండి తయారైన క్వార్ట్జుతో చేయుదురు. దీపపు కాంతి నేరుగా కొలత యంత్రములో పడకుండుటకై, వెలువడు కాంతిని లంబకోణమున ప్రక్కనుండి కొలుతురు. గండికోట ఎండలో గ్లాసును ప్రక్కనుండి చూడుమనుటలో ఉన్న కిటుకును ఇదియే.

ప్రోటీనులో దాగిన దీపము

అన్ని మూలికాపదార్థములును అటెబ్రిన్ వలె మెరయవు. అట్టి వాటిని ఎట్లు పట్టుకొనుట? ఇక్కడ శాస్త్రజ్ఞులు తలక్రిందుగా ఆలోచించిరి. మందు మెరయకున్నను ప్రోటీను మెరయును. 1957లో టీల్, వెబర్ అను శాస్త్రజ్ఞులు ప్రోటీనులలోని కొన్ని ఆమినో ఆమ్లముల ప్రతిదీప్తిని శ్రద్ధగా కొలిచిరి. వాటిలో ట్రిప్టోఫాన్ ముఖ్యమైనది. దానిపై సుమారు 295 నానోమీటర్ల కాంతి ప్రసరింపజేసినచో, ప్రోటీనులో ఉన్నప్పుడు అది సుమారు 340 నానోమీటర్ల వద్ద వెలుగును. ఈ రెండును కంటికి కనబడనివే; యంత్రమునకు మాత్రమే కనబడును.

మన రక్తరసములోని ప్రోటీనులలో సగమునకు పైగా ఉండునది ఆల్బుమిన్. కాలేయము దీనిని తయారుచేయును. 585 ఆమినో ఆమ్లముల గొలుసు ఇది. రక్తములో కొవ్వు ఆమ్లములను, పెక్కు మందులను మోసికొనిపోవునది ఇదియే. దీనిని సరకుల బండితో పోల్చవచ్చును. ఇంత పెద్ద గొలుసులో ట్రిప్టోఫాన్ ఒక్కటే ఒక్కచోట, 214వ స్థానమున ఉన్నది. పెద్ద ఇంటిలో ఒకే గదిలో ఒకే దీపము వెలుగుచున్నట్లు! ఏదైన అణువు వచ్చి ఆ గదిలో చేరినను, లేక వేరొక గదిలో చేరి ఇంటి గోడలను కొంచెము కదిపినను, ఆ దీపపు వెలుగులో మార్పు వచ్చును. సాధారణముగా వెలుగు తగ్గును. దీనిని దీప్తి శమనము అందురు. మందును కొంచెము కొంచెముగా కలుపుచు, వెలుగు ఎంతెంత తగ్గినదో కొలిచి, ఆ లెక్కనుండి బంధన స్థిరాంకమును గుణింతురు. ఈ గణితమునకు మూలము 1919లో ఓటో స్టెర్న్, మాక్స్ వోల్మర్ ప్రకటించిన సూత్రము.

1975లో సడ్లో మొదలగువారు ఆల్బుమిన్‌పై మందులు చేరు ముఖ్యస్థానములు రెండు కలవని ప్రతిదీప్తి సహాయముననే చూపిరి. 1992లో హీ, కార్టర్ అనువారు ఎక్స్-కిరణములతో దాని పరమాణు నిర్మాణమును విశదపరచిరి.

కడపకు వచ్చిన కథ

2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయము ఏర్పడెను. గండికోట ఉన్న జిల్లాలోని ఆ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగమునకు చెందిన ఆమూరు గంగయ్య దాము, హైదరాబాదు విశ్వవిద్యాలయములోని రాజగోపాల్ సుబ్రహ్మణ్యం మొదలగువారు కలిసి మూలికాపదార్థములకును మానవ ఆల్బుమిన్‌కును గల సంబంధమును పరిశోధించిరి. మొక్కల నుండి శుద్ధముగా వేరుచేసిన పదార్థమును ఆల్బుమిన్ ద్రావణమునకు చేర్చి, ప్రతిదీప్తి తగ్గుటను కొలుచుట వారి పద్ధతిలో ముఖ్యభాగము.

2009లో వారు బెట్యులినిక్ ఆమ్లమును గూర్చిన ఫలితములను ప్రకటించిరి. ఇది పెక్కు మొక్కలలో దొరకు పదార్థము. కాన్సరు కణములపై దీని ప్రభావమును శాస్త్రజ్ఞులు చాలకాలముగా పరీక్షించుచున్నారు. ఆల్బుమిన్‌తో దీని బంధన స్థిరాంకము సుమారు 16,85,000 అని వారు లెక్కగట్టిరి. 2010లో ట్రైమెథాక్సీ ఫ్లేవోన్ అను పదార్థమును గూర్చి ప్రకటించిరి. ఇది మన నేలవేమునకు దగ్గరి చుట్టమైన ఆండ్రోగ్రాఫిస్ విస్కోసులా అను మొక్కనుండి తీసినది. దీని స్థిరాంకము సుమారు 1,000 మాత్రమే. (రెండింటికిని ప్రమాణము ఒకటే: మోలారు గాఢతకు విలోమము.)

ఈ రెండు అంకెలకు అర్థమేమి? విద్యార్థులు తామే లెక్కవేసి చూడవచ్చును. ఆరోగ్యవంతుని రక్తరసములో లీటరుకు సుమారు 40 గ్రాముల ఆల్బుమిన్ ఉండును. దాని అణుభారము సుమారు 66,500. కావున లీటరుకు 0.0006 మోలు ఉన్నట్లు. మందు స్వల్పముగా ఉన్నప్పుడు, ఆల్బుమిన్‌ను పట్టుకొన్న అణువులకును విడిగా తిరుగు అణువులకును గల నిష్పత్తి, స్థిరాంకమును ఈ గాఢతచే హెచ్చవేయగా వచ్చు లబ్ధమునకు సమానము.

ఫ్లేవోన్ విషయమున 1,000 ను 0.0006 చే హెచ్చవేసిన 0.6 వచ్చును. అనగా ప్రతి 16 అణువులలో 6 బండి ఎక్కును. 10 కాలినడకన పోవును. బెట్యులినిక్ ఆమ్లము విషయమున లబ్ధము సుమారు 1,000. అనగా వేయింటిలో ఇంచుమించు ఒక్క అణువు మాత్రమే విడిగా ఉండును! కణములోనికి చొచ్చి పనిచేయునది సాధారణముగా విడిగా ఉన్న అణువే. గట్టిగా పట్టుబడిన మందు రక్తములో ఎక్కువ కాలము నిలువవచ్చును, కాని ఒక్కసారిగా అందుబాటులోనికి రాదు. సడలుగా ఉన్నది త్వరగా అందును, త్వరగా విసర్జింపబడవచ్చును. కావున గట్టిగా పట్టుకొనుట మంచిదనియు, సడలుట చెడ్డదనియు తీర్మానించుట పొరపాటు. రెండును తెలియవలసిన గుణములే.

వెలుగును నమ్ముటకు హద్దులు

దీప్తి తగ్గినంత మాత్రమున బంధము ఏర్పడినదని చెప్పుటకు వీలులేదు. మూలికాపదార్థములలో పెక్కింటికి అతినీలలోహిత కాంతిని తామే మ్రింగివేయు గుణము కలదు. అట్లయినచో దీపము ఆరలేదు. మధ్య తెర పడినది. శ్రద్ధగల పరిశోధకులు ఈ తెర ప్రభావమును లెక్కించి తీసివేయుదురు. అట్లు తీసివేయని అంకెలను నమ్మరాదు.

రెండవది, అణువులు ఊరక ఢీకొని విడిపోయినను దీప్తి తగ్గవచ్చును. దీనిని గుర్తించుటకు ఉష్ణోగ్రతను మార్చి చూతురు. వేడిమి పెరిగినప్పుడు ఢీకొనుట ఎక్కువగును, కావున శమనము కూడ ఎక్కువగును. నిజమైన బంధమైనచో వేడిమికి సడలి శమనము తగ్గుట సామాన్యము.

మూడవది, దీపము ఒక గదిలోనే ఉన్నది గనుక అతిథి ఏ గదిలో దిగినాడో వెలుగు ఒక్కటే చెప్పజాలదు. పైన చెప్పిన ఫ్లేవోన్ ఆల్బుమిన్‌లోని మూడవ ఖండములో చేరునని కంప్యూటరు గణనల వలన తేలినది. ట్రిప్టోఫాన్ ఉన్నది రెండవ ఖండములో. అందువలననే ఆ పరిశోధకులు ప్రతిదీప్తితో ఆగక, అణుభారమును కొలుచు యంత్రమును, ప్రోటీను ఆకృతిని చూపు వేరొక పద్ధతిని కూడ సాక్ష్యమునకు పిలిచిరి.

వెలుగు విషయమున తొందరపడరాదనుటకు మన దేశములోనే గొప్ప ఉదాహరణ కలదు. 1923లో కలకత్తాలో సి.వి. రామన్ శిష్యుడు కె.ఆర్. రామనాథన్ ద్రవములలో ఒక మందమైన కొత్త వెలుగును చూచెను. అది మాలిన్యముల వలన కలుగు బలహీన ప్రతిదీప్తి యని మొదట అనుకొనిరి. ద్రవమును ఎంత శుద్ధి చేసినను ఆ వెలుగు పోలేదు. 1928లో అదియే రామన్ ఫలితముగా లోకమునకు తెలిసినది.

అన్నింటికంటె ముఖ్యమైనది నాలుగవ హద్దు. ఆల్బుమిన్‌ను పట్టుకొనుట వేరు, రోగమును నయము చేయుట వేరు. పాత్రలోని ప్రోటీను ద్రావణమునకు రోగము లేదు. రోగమును గూర్చిన ప్రశ్నకు రోగులలో చేసిన పరీక్షయే సమాధానము చెప్పవలెను. యేగి చెక్కను గూర్చి భారత వైద్య పరిశోధన మండలి అట్టి ప్రయత్నము చేసినది. 1998లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, కొత్తగా మధుమేహము బయటపడిన 97 మందిలో 67 మందికి 12 వారములలో చక్కెర అదుపులోనికి వచ్చినది. ఇది ఆశాజనకమే. కాని అది పోల్చి చూచుటకు వేరొక వర్గము లేని పరీక్ష. ఆహారనియమము వలన ఎంత, చెక్క వలన ఎంత అని అట్టి పరీక్షలో విడదీయుట కష్టము. కావున మాత్రలు మాని చెక్క నీటిని నమ్ముకొనుటకు అది ఆధారము కాజాలదు. మాత్రలతో పాటు మూలికలను వాడువారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. ఒకే బండిలో రెండు సరకులు ఎక్కినప్పుడు కొన్ని సందర్భములలో ఒకటి మరొకదానిని త్రోయవచ్చును. కాలేయములో ఒకదాని విసర్జనమును వేరొకటి అడ్డవచ్చును.

తరగతి గదిలో

ఈ పరికరము మన పాఠశాలలలో లేదు. ఐనను ప్రతిదీప్తిని చూపుటకు డబ్బు అక్కరలేదు. దొంగనోట్లను పట్టుటకు దుకాణములలో వాడు చిన్న అతినీలలోహిత దీపము చాలును. చీకటి గదిలో దాని వెలుగును మూడు గ్లాసులపై పడనీయవలెను. ఒకదానిలో స్పిరిటులో కలిపిన కొద్ది పసుపు. రెండవదానిలో పాలకూరను నూరి స్పిరిటులో వడగట్టిన పచ్చని రసము. మూడవదానిలో యేగి చెక్క నీరు. పసుపు ఆకుపచ్చ కలిసిన పచ్చరంగుతోను, ఆకురసము ఎఱ్ఱగాను, చెక్క నీరు నీలముగాను మెరయును. దీపము వంక సూటిగా చూడరాదని పిల్లలకు ముందే చెప్పవలెను. స్పిరిటు దగ్గర నిప్పు ఉండరాదు.

గండికోటలోనైతే దీపమును అక్కరలేదు. అక్కడి ఎండయే చాలును. కోటలో ఏదైన నీడపడిన నల్లరాతి గోడకు ముందుగా, ఎండ తగులునట్లు గ్లాసును పట్టి, పిల్లలను ఒక్కొక్కరిని ప్రక్కనుండి చూడుమనవలెను. నీలికాంతి కనబడిన తరువాత రెండు ప్రశ్నలు అడుగవలెను. ఈ వెలుగు ఎక్కడి నుండి వచ్చినది? ఈ వెలుగు కనబడినంత మాత్రమున ఈ నీరు మందు అని చెప్పవచ్చునా? మొదటి ప్రశ్నకు స్టోక్స్ సమాధానము చెప్పెను. రెండవదానికి 'చెప్పరాదు; ఇంకను పరీక్షింపవలెను' అని పిల్లలు తామే అనగలిగినచో, ఆ విహారయాత్ర సార్థకమైనట్లే.